నెత్తి మీది శబ్దం

మా ఆఫీసులో ఎవరికీ చెవులు లేవని ఊళ్ళో అనుకునే మాట వట్టి అభాండం. పదిహేడు మందిమి ఉన్నాం. తలకి రెండు చొప్పున ముప్పై నాలుగు చెవులున్నాయి. అవి ఎటు తిరగాలో చెప్పేవాళ్ళు లేకపోవడమే అసలు లోపమని, దాన్ని శాస్త్రీయంగా సరిదిద్దవచ్చునని మా పై అధికారులు కనిపెట్టారు. ఎలా సరిదిద్దారో, సరిదిద్దాక ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రామన్నలంక విద్యుత్ డివిజన్ ఆఫీసులో ఫిర్యాదుల సీటు నాది కాబట్టి ఈ కథంతా నా బల్ల మీదుగానే నడిచింది.

ముందు నూకరత్నం సంగతి చెప్పాలి. ఆవిడది గిడ్డంగి వీధి. ఆ వీధి వాళ్ళ బట్టలూ, మా ఆఫీసు వాళ్ళ బట్టలూ ఉతికి, పెరట్లో ఆరేసి, ఇస్త్రీ చేసి ఇస్తుంది. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈ.ఈ., విరూపాక్షరావు గారి తెల్లచొక్కాలు కూడా ఆ దండెం మీదే ఆరతాయి. ఆ పెరటి మీదుగా మా కరెంటు తీగ పోతుంది. మురుగు కాలవ కోసం వీధి తవ్వినప్పుడు స్తంభం ఒకటి లోపలికి ఒరిగింది. స్తంభం ఒరిగితే తీగ కిందికి దిగుతుందని చెప్పడానికి ఇంజనీరు కానక్కర్లేదు. ఉగాది నాటికి వెదురుగడకి కూడా అందని తీగ, రోళ్ళు పగిలే ఎండల నాటికి దండెం పైన రెండు మూరల ఎత్తుకి వచ్చేసింది.

నూకరత్నం ప్రతి సోమవారం ఆఫీసుకి వచ్చేది. తడిబట్టలతో, తడిచేతులతో రోజంతా ఆ తీగ కిందే తిరుగుతున్నానని, వానలు పడేలోగా దాన్ని పైకి లాగించమని చెప్పేది. నేను రాసుకుని పైకి పంపేవాణ్ణి. అక్కడ అది చెవిటివాడి ముందు ఊదిన శంఖమయ్యేది. మా లైన్‌మన్ అప్పలకొండ మంచివాడు, గంట పని అనేవాడు. కాకపోతే స్తంభం ఎక్కాలంటే లైను ఆపాలి, లైను ఆపాలంటే అనుమతి కావాలి, అనుమతికి ఫిర్యాదు నంబరు కావాలి. ఆ నంబరు మా ఆఫీసు ఇవ్వాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజధానిలో మా సంస్థ పెద్దలొకరు ఏదో ప్రదర్శనకి వెళ్ళారట. అక్కడ ఆయన కళ్ళకి వర్చువల్ రియాలిటీ డబ్బా ఒకటి కట్టారట. డబ్బా లోపల అడవి. ఎడమ చెవి వెనక సింహం గర్జిస్తే ఆయన ఠక్కున వెనక్కి తిరిగారట. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఎవరు పిలిచినా తాను అంత వేగంగా తిరగలేదని ఆయనకి అప్పుడే తట్టింది. సింహానికి తిరిగిన అధికారి అర్జీదారుకి ఎందుకు తిరగడన్న మహత్తరమైన ప్రశ్న అక్కడ పుట్టింది. నెల తిరక్కుండా మాకు పన్నెండు డబ్బాలూ, 'శ్రవణ దిశా నిర్దేశన పథకం' అనే పేరూ, హైదరాబాదు నుంచి నిహారిక అనే అమ్మాయీ వచ్చారు.

నిహారిక శబ్దాల మనిషి. డబ్బాలో ఏ చప్పుడు ఎటు నుంచి వినిపించాలో అమర్చడం ఆ అమ్మాయి వృత్తి. మొదటి రోజు మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. కుడివైపు చప్పుడు కుడిచెవికి వెంట్రుకవాసి ముందు చేరుతుంది, కాస్త గట్టిగానూ చేరుతుంది. ఆ తేడాని బట్టి చప్పుడు ఎక్కడ పుట్టిందో మనసు పోల్చుకుంటుంది. డబ్బాలోనూ అదే తేడా పుట్టిస్తే, లేని చోట ఉన్నట్టు శబ్దం వినిపించవచ్చు.

"కళ్ళకి ముందున్నదే కనిపిస్తుందండీ, చెవులకి నాలుగు వైపులా తెలుస్తుంది," అంది. "ఇటు చూడండి అని ఎవరి తలా పట్టుకుని తిప్పక్కర్లేదు. అటు నుంచి చిన్న చప్పుడు వినిపిస్తే చాలు, మనిషే తిరుగుతాడు."

మా సూపరింటెండెంటు గారు మనిషి అనే మాటలో ఉద్యోగి కూడా వస్తాడా అని అడిగారు. వస్తాడనే అనుకుంటున్నానని ఆ అమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయికి మా అనుభవం లేదు.

డబ్బా పెట్టుకుంటే లోపల అచ్చం మా ఆఫీసే. అదే బల్ల, అదే ఫైళ్ళ గుట్ట, అదే కుంటుతూ తిరిగే ఫ్యాను. ఒకటే తేడా, లోపలి గోడ గడియారం నడుస్తోంది. అర్జీదారులు ఒకసారి కుడినుంచీ, ఒకసారి ఎడమనుంచీ, ఒకసారి వీపు వెనకనుంచీ వచ్చి "అయ్యా" అంటారు. మేం ఎన్ని సెకన్లలో అటు తిరిగామో యంత్రం రాసుకుంటుంది. పరీక్ష రెండు గంటలు సాగింది. ఫలితం చూసి నిహారిక డబ్బాలు పాడయ్యాయనుకుంది. వైర్లు మార్చి మళ్ళీ పెట్టింది. మళ్ళీ సున్నాలే. నా తల ఒక్కసారి కదిలినట్టు నమోదైంది గానీ, అది దోమ వల్లని తర్వాత తేలింది.

అయితే యంత్రం మమ్మల్ని పూర్తిగా తీసిపారెయ్యలేదు. ఆఫీసు వాతావరణం సహజంగా ఉండాలని ఆ అమ్మాయి కొన్ని మామూలు చప్పుళ్ళు కూడా కలిపింది. వాటిలో ఒకటి టీ గ్లాసులో చెంచా తగిలే చప్పుడు. అది ఎడమ వెనకవైపు టింగుమనగానే పన్నెండు తలలూ సెకనులో మూడోవంతు తిరక్కుండా అటు తిరిగాయి. కారు హారనుకి తలలు తిరగడమే కాదు, తొమ్మిది మంది లేచి నిలబడ్డారు. సూపరింటెండెంటు గారు లేని చొక్కా గుండీ పెట్టుకోబోయారు.

ఈ ఫలితాల మీద ఈ.ఈ. గారు సమీక్షా సమావేశం పెట్టారు. విరూపాక్షరావు గారు మాట్లాడితే ఫైలు తెరిచి చదువుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో ఉప్పు తక్కువైనా "లవణ లోపం గమనించడమైనది" అంటారని చెప్పుకుంటారు. ఆయన పట్టిక పైనుంచి కిందికి చూసి, కళ్ళజోడు తీసి, సిబ్బందిని అభినందించారు.

"సిబ్బంది శ్రవణశక్తి అమోఘమని ఇందుమూలముగా రుజువైనది," అన్నారు. "లోపము సిబ్బందియందు లేదు. అర్జీదారుల కంఠమందున్నది."

ఆయన తర్కం ఆయన విప్పి చెప్పారు. టీ గ్లాసు పిలిస్తే పలికే ఉద్యోగి అర్జీదారు పిలిస్తే పలకడం లేదంటే, అర్జీదారు సరిగ్గా పిలవడం లేదన్నమాట. కాబట్టి ఇక నుంచి డబ్బాలో ప్రతి అర్జీదారు గొంతుకీ ముందు చెంచా చప్పుడు ఒకటి తగిలించాలి. అలవాటు మార్చుకోవలసింది ఉద్యోగులు గదా అని నిహారిక నసిగింది. ఉద్యోగి అలవాటు సర్వీసు నిబంధనలకి లోబడినదనీ, దాన్ని మార్చాలంటే సచివాలయం దాకా పోవాలనీ, చెంచా అయితే స్థానికంగా దొరుకుతుందనీ ఈ.ఈ. గారు సెలవిచ్చారు.

చెంచా తగిలించారు. రెండో పరీక్షలో మా ఆఫీసు నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుంది. ఎక్కడా లేని అర్జీదారుల వైపు మేం తిరిగిన తిరుగుడు చూసి, మిగతా డివిజన్ల వాళ్ళు వచ్చి నేర్చుకుని వెళ్ళారు. పథకాన్ని నిజం ఫిర్యాదులకి కూడా విస్తరించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

విస్తరించడం ఇలాగ. సోమవారం నాడు ఫిర్యాదుదారులు వరండాలో టోకెను తీసుకుని కూర్చుంటారు. పిలుపు రాగానే మైకు ముందుకి వచ్చి మాట్లాడతారు. మేం లోపల డబ్బాలు పెట్టుకుని కూర్చుంటాం. వాళ్ళ గొంతు చెంచా చప్పుడుతో సహా డబ్బాలోకి వస్తుంది. మైకుకీ నా బల్లకీ మధ్య ఆరడుగుల దూరం, తలుపు కూడా లేదు. కానీ డబ్బా బయటనుంచి వచ్చే శబ్దం అనధికార శబ్దమని, దానికి స్పందించిన వారిపై చర్య ఉంటుందని గోడకి కాగితం అంటించారు.

మైకు ముందు ముందుగా దిక్కు చెప్పాలి. ఫిర్యాదు ఇంటికి ఏ దిక్కున ఉందో, డబ్బాలో ఆ దిక్కునుంచే గొంతు వినిపించాలని నియమం. ఫారంలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు గడులున్నాయి. నూకరత్నం వంతు వచ్చింది. ఏ దిక్కమ్మా అని అడిగాను. పైనుంచండి అంది. ఆ గడి లేదన్నాను. తీగ పైనే ఉందండి, దాన్ని ఏ గడిలో పెట్టమంటారు అని అడిగింది. ఫారం ఈ.ఈ. గారి దగ్గరికి వెళ్ళి, "పై అనునది దిక్కు కాదు. సరియగు దిక్కుతో తిరిగి సమర్పించుకొనవలెను" అనే రాతతో వెనక్కి వచ్చింది. అది ఆవిడ చేతిలో పెట్టింది నేనే.

మరుసటి సోమవారం, ఏదో ఒకటి పెడితే పోలేదా అని తూర్పు అని చెప్పింది. నంబరు వచ్చింది కూడా. తనిఖీ అధికారి వెళ్ళి ఇంటికి తూర్పున చూశాడు. అక్కడ ఇడ్లీ బండి ఉంది. తీగ ఏదీ లేదనీ, ఫిర్యాదు నిరాధారమనీ, ఇడ్లీలు బాగున్నాయనీ నివేదిక రాశాడు. నంబరు కొట్టేశారు. అప్పలకొండ నిచ్చెన భుజాన వేసుకుని సగం దారిలోంచి తిరిగి వచ్చాడు.

ఈలోగా మాకు మెడలు పట్టేశాయి. రోజుకి నలభైసార్లు నాలుగు దిక్కులకీ తిప్పితే ఏ మెడైనా పట్టేస్తుంది. ఈ.ఈ. గారికైతే మెడ దక్షిణం వైపు తిరిగి అక్కడే ఆగిపోయింది. ఆయన డాక్టరు దగ్గరికి కాక సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్ళారు. పోయినేడు మా ఆఫీసు గేటు మూయించి గోడ పగలగొట్టించి కొత్త గేటు పెట్టించిన సిద్ధాంతి గారే ఆయన. తలపాగా మీద డబ్బా పట్టక, తలపాగా తీసి డబ్బా పెట్టుకుని, లేని ఆఫీసంతా నడిచి చూశారు. మధ్యలో ఉన్న బీరువాకి గుద్దుకుని, అది లోపలి ఆఫీసులో దోషానికి బయటి ఆఫీసులో ఫలితం అన్నారు.

ఆయన తేల్చిందేమిటంటే, డబ్బాలోని ఆఫీసు వాస్తుకి పూర్తిగా విరుద్ధం. నైరుతి నుంచి మొర వినడం యజమానికి కీడు. ఆగ్నేయం అగ్నిస్థానం, కరెంటు ఆఫీసుకి ఆగ్నేయంనుంచి కరెంటు ఫిర్యాదు వినడం కోరి కొరివి పెట్టుకోవడం. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే చివరికి ఈశాన్యం ఒక్కటే మిగిలింది. ఫిర్యాదులన్నీ ఈశాన్యం నుంచే వినిపిస్తే ఆఫీసుకి అభివృద్ధి, అధికారికి పదోన్నతి. నేను ధైర్యం చేసి, నెత్తి మీదనుంచి ఒక ఫిర్యాదు ఉందండీ అన్నాను. నడినెత్తిన బ్రహ్మస్థానం, అక్కడ ఏ శబ్దమూ ఉండరాదన్నారు.

నిహారిక మొహం పాలిపోయింది. శబ్దాలన్నీ ఒక్క మూలనుంచే వస్తే ఇంక మనిషి ఎటు తిరగాలో శబ్దం చెప్పడమెందుకని అడిగింది. ఈ.ఈ. గారు దాన్ని ఏకాగ్రత అంటారన్నారు. ఆ సాయంత్రం ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ పన్నెండు డబ్బాల్లోనూ అన్ని గొంతుల్నీ ఈశాన్యం మూలకి తోసింది.

దాంతో మా మెడనొప్పులు పోయాయి. పొద్దున్న పదింటికి ఈశాన్యానికి తిరిగితే సాయంత్రం అయిదింటికి మళ్ళీ ముందుకి తిరిగేవాళ్ళం. కొందరు తిరిగేవాళ్ళు కూడా కాదు. మా వంటిల్లు ఆగ్నేయంలో ఉంది. భోజనానికి రమ్మని మా ఆవిడ పిలిచిన పిలుపు నాకు వినిపించడం మానేసింది. ఆవిడ రెండు రోజులు చూసి, మూడోరోజు నుంచి అన్నం ఈశాన్యంలో ఉన్న పూజగదిలో వడ్డించింది.

ఆ ఆదివారం బట్టలు తెచ్చుకుందామని నూకరత్నం ఇంటికి వెళ్ళాను. ముందురోజు నాలుగు చినుకులు పడ్డాయి. పెరట్లోకి అడుగుపెట్టగానే జుయ్‌మని చప్పుడు వినిపించింది. తుమ్మెద లాంటి చప్పుడు, ఆగకుండా. నేను వెంటనే ఈశాన్యం వైపు తిరిగాను. అక్కడ జామచెట్టు ఉంది. చెట్టులో ఏమీ లేదు. కళ్ళు చిట్లించి ఇంకా చూస్తున్నాను.

"అటు కాదు బాబుగారు," అంది నూకరత్నం. "పైకి."

తలెత్తాను. తీగ నా తలకి మూరెడు ఎత్తున వేలాడుతోంది. అతుకు దగ్గర చిన్న నిప్పురవ్వ మెరిసి ఆరిపోతోంది. దాని కింద దండెం, దండెం మీద నా చొక్కాలు రెండు, ఈ.ఈ. గారివి మూడు, పక్కన నీళ్ళు కారుతున్న దుప్పటి. ఆ దుప్పటి కొస పట్టుకుని ఆవిడ నిలబడి ఉంది. పదకొండు సోమవారాలు ఈ మాట ఆవిడ నా ముందు చెప్పింది, పదకొండుసార్లూ నేను కాగితం మీద రాసుకుని ఊరుకున్నాను, ఒకసారైతే గడి లేదని ఆ కాగితం తిప్పి కూడా ఇచ్చాను. నాకు సిగ్గేసింది. ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గులేదు.

తీగ కింద ఆరేయొద్దమ్మా అన్నాను. మరి ఎక్కడ ఆరెయ్యను, మీ ఆఫీసులోనా అని నవ్వింది. తర్వాత ఒక సంగతి అడిగింది. మైకులో మాట్లాడినప్పుడల్లా తన గొంతుకి ముందు గ్లాసు చప్పుడు ఎందుకు వస్తుందని. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. టీ గ్లాసు మోగితే తప్ప మా తలలు తిరగవని యంత్రం కనిపెట్టిందన్నాను.

"ఈ మాత్రానికి యంత్రం దేనికండి," అంది ఆవిడ. "ఊళ్ళో ఎవర్నడిగినా చెబుదురు గదా."

సోమవారం పొద్దున్నే నేను ఈ.ఈ. గారికి నోటు పెట్టాను. ఫారంలో అయిదో గడిగా 'పై' చేర్చమని, తీగ పరిస్థితి కళ్ళారా చూశాననీ రాశాను. పై నుంచి వచ్చే చప్పుడుని పోల్చుకోవడంలో చెవులు కాస్త బలహీనమేగానీ, ఒక్క పూటలో అమర్చిస్తానని నిహారిక కూడా సంతకం పెట్టింది. నోటు మీద ఈ.ఈ. గారు రెండు వాక్యాలు రాశారు. కళ్ళారా చూడడం పథకం పరిధిలోకి రాదు. బ్రహ్మస్థానం విషయమై సిద్ధాంతి గారి అభిప్రాయం తీసుకొనవలెను. సిద్ధాంతి గారు అప్పటికే కాశీ వెళ్ళారు. శ్రావణం దాటితేగాని రారు.

వానలు వచ్చేశాయి. మూడో సోమవారం నాడు ముసురు కాస్త తెరిపిచ్చింది. నూకరత్నం పొద్దున్నే దండెం నిండా ఆరేసి, పది గంటలకల్లా వచ్చి వరండాలో కూర్చుంది. ఆవిడ టోకెను ఇరవై ఆరు. మామూలుగా అయితే పదకొండు గంటలకి పెరట్లో బట్టలు తిరగేసే వేళ. ఆ రోజు మైకు గరగరమంటూ ఉండడం వల్ల పదకొండున్నరకి ఇంకా తొమ్మిదో టోకెనే నడుస్తోంది.

ఉన్నట్టుండి డబ్బాలో చీకటి పడింది. శబ్దాలు ఆగిపోయాయి. కరెంటు పోయిందని మాకు తెలుసు, కరెంటు ఆఫీసు వాళ్ళం గదా. అయినా ఎవరూ డబ్బా తియ్యలేదు. శబ్దం మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడు తల సరైన దిక్కులో లేకపోతే మార్కులు పోతాయి. పన్నెండు మందిమి చీకట్లో ఈశాన్యానికి తిరిగి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. సర్వీసులో అంత శ్రద్ధగా మేం ఎప్పుడూ ఏమీ వినలేదు.

అలా ఎంతసేపు గడిచిందో, నా వీపు వెనకనుంచి అప్పలకొండ గొంతు అనధికారంగా వినిపించింది. రొప్పుతూ మాట్లాడుతున్నాడు. తీగ తెగి దండెం మీద పడిందని, బట్టలు అంటుకున్నాయని, తాను పరిగెత్తుకెళ్ళి సబ్‌స్టేషన్‌లో లైను ఆపించానని, పెరట్లో మనుషులెవరూ లేరని చెబుతున్నాడు. నేను డబ్బా తీసేసి తిరిగి చూశాను. నూకరత్నం గోడకి జారగిలబడి నేల మీద కూర్చుని ఉంది. చేతిలో టోకెను నలిగిపోయింది.

"ఇంటికాడుంటే నేనూ ఆ బట్టల్లోనే ఉందును," అంది మెల్లగా, ఎవరితోనో అన్నట్టు.

నేను మంచినీళ్ళు ఇచ్చాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తోచలేదు. నా వెనక పదకొండు మంది ఇంకా ఈశాన్యానికే తిరిగి ఉన్నారు.

మర్నాడు ఈ.ఈ. గారు ప్రమాదంపై నివేదిక పంపారు. నేనే టైపు చేశాను కాబట్టి మాటలు గుర్తున్నాయి. తీగ తెగిపడిన సమయమున సదరు మహిళ శ్రవణ దిశా నిర్దేశన పథకం క్రింద కార్యాలయ వరండాలో నిరీక్షించుచుండుట చేత ఆమె ప్రాణములు దక్కినవి. ఫిర్యాదు తక్షణమే పరిష్కరింపబడి యుండినచో ఆమె ఇంటివద్దనే ఉండెడిది. కావున ఇది పథకము యొక్క తొలి విజయముగా పరిగణించవలెను. వేలాడు తీగల క్రింద నివసించు వారందరినీ, తీగలు పడువరకు, ప్రతిదినము కార్యాలయములో కూర్చుండబెట్టు విషయము పరిశీలించవలెను. ఈ చివరి వాక్యానికి నేను టైపు చెయ్యడం ఆపి ఆయన మొహం చూశాను. ఆయన మనస్ఫూర్తిగానే చెబుతున్నారు.

ఇక తీగ సంగతి. ప్రమాదం జరిగిన చోట యథాపూర్వస్థితి పునరుద్ధరించాలని మా నిబంధన. అప్పలకొండ చేత ఆ తీగనే అతికించి, ఒరిగిన ఆ స్తంభానికే, పడకముందు ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తుననే కట్టించారు. కొలత తప్పకుండా సూపరింటెండెంటు గారు గొడుగు వేసుకుని దగ్గరుండి చూశారు. పైకి కట్టమన్న నూకరత్నం మాట అర్జీ లేని కోరిక కిందికి వచ్చింది.

నివేదిక పైన బాగా నచ్చింది. మా ఆఫీసుకి ప్రశంసాపత్రం ప్రకటించారు. ఇవ్వడానికి చీఫ్ ఇంజనీరు గారే వచ్చారు. ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. ప్రాణం దక్కిన తొలి లబ్ధిదారుగా నూకరత్నాన్ని వేదిక చివర కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. సన్మానానికి ఈ.ఈ. గారు తొడుక్కొచ్చిన తెల్లచొక్కా కొత్తది. పాతవి దండెం మీద పోయాయి.

ఉపన్యాసాలు గంటన్నర నడిచాయి. చెవి ద్వారా పరిపాలన అన్నారు, ధ్వని ద్వారా ధర్మం అన్నారు. చివరికి లబ్ధిదారు రెండు మాటలు చెబుతారని ఈ.ఈ. గారు ప్రకటించారు. నూకరత్నం మైకు దగ్గరికి వచ్చి నమస్కారమండి అంది. ఒక్కరూ చూడలేదు. చీఫ్ ఇంజనీరు గారు ఫోనులో ఉన్నారు. ముందు వరసలో మావాళ్ళు అలవాటు కొద్దీ ఈశాన్యానికి తిరిగి కూర్చున్నారు. అటువైపు సౌండు బాక్సు కూడా లేదు. నిహారిక ఒక్కతే వెనక వరసలో లేచి నిలబడి వింటోంది.

ఆవిడ ఇంకోసారి నమస్కారం పెట్టి ఆగింది. అటూ ఇటూ చూసింది. వేదిక మీద పెద్దలకి టీ ఇస్తున్న పళ్ళెంలోంచి ఒక గ్లాసూ, ఒక చెంచా తీసుకుంది. మైకు దగ్గరగా పెట్టి మూడుసార్లు కొట్టింది.

షామియానాలో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా వేదిక వైపు తిరిగాయి. ఈశాన్యం నుంచి తిరిగాయి, ఫోనులోంచి తిరిగాయి. చీఫ్ ఇంజనీరు గారు కూడా మా సీట్లలోంచి ఎదిగినవారే కాబట్టి ఆయన అందరికంటే ముందు తిరిగారు. నేను అలవాటు కొద్దీ లెక్క వేశాను. సెకనులో మూడోవంతు.

నూకరత్నం గ్లాసు దించి, చూపుడు వేలు పైకెత్తింది. మూడువందల మంది తలలెత్తి పైకి చూశారు. అక్కడ షామియానా గుడ్డ తప్ప ఏమీ లేదు. అయినా చూస్తూనే ఉన్నారు, ఈ.ఈ. గారు నోరు తెరుచుకుని మరీ చూస్తున్నారు.

"చూశారాండి, మీ మెడలు పైకి కూడా తిరుగుతాయి," అంది నూకరత్నం. "మా పెరట్లోకి వచ్చి, ఒక్కసారి ఇలాగే తిప్పండి."

అని గ్లాసు పళ్ళెంలో పెట్టి, శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, వేదిక దిగిపోయింది.

చీఫ్ ఇంజనీరు గారు ఏ పెరడని అడిగారు. ఈ.ఈ. గారు ఫారం కోసం వెతుక్కుంటుంటే, వెనకనుంచి అప్పలకొండ, నేను చూపిస్తానండి అన్నాడు. ఆయన కారెక్కి వెళ్ళారు. పెరట్లో నిలబడి తలెత్తి, ఒక్క అడుగు వెనక్కి వేసి, ఫోను తీశారు. సాయంత్రం అయిదింటికల్లా స్తంభం నిటారుగా నిలబడింది. తీగ జామచెట్టు కొమ్మలకంటే ఎత్తున ఉంది. అప్పలకొండ చెప్పినట్టు అది గంట పనే.

మూడోరోజున ఉత్తర్వులు వచ్చాయి. ఫారంలో 'పై' అనే అయిదో గడి చేర్చారు. ఫిర్యాదుదారులు ఇకపై గ్లాసు, చెంచా సొంతంగా తెచ్చుకోవాలని, గ్లాసు గాజుదై ఉండాలని దాని కిందే రాశారు. నిహారిక డబ్బాలు మాకు వదిలేసి హైదరాబాదు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నూకరత్నం ఇంటికి వెళ్ళి, ఆవిడతో కలిసి పెరట్లో టీ తాగిందని విన్నాను.

ఆ తరవాతి సోమవారం నూకరత్నం రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు. క్రమం తప్పకుండా వచ్చే ఫిర్యాదుదారు రెండు వారాలుగా గైర్హాజరు కావడం ఈ.ఈ. గారు గమనించి, ప్రజల్లో పథకంపై ఆసక్తి సన్నగిల్లుతున్నదని, కారణాలు విచారించి నివేదించవలెనని నాకు మెమో ఇచ్చారు. జవాబు ఇంకా రాయలేదు. మొన్న బట్టలకని వెళ్ళినప్పుడు పెరట్లో నిలబడి ఒకసారి పైకి చూసి, నా చొక్కాలు తెచ్చుకున్నాను.